అలియాసింగ్, క్లిప్పింగ్: ఏడీసీ గుమ్మం దగ్గర జరిగే రెండు తప్పుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మైకు కానివ్వండి, ఉష్ణోగ్రత సెన్సర్ కానివ్వండి, యంత్రం వణుకును పట్టే పరికరం కానివ్వండి, బయటికి ఇచ్చేది ఎడతెగకుండా మారుతూ ఉండే వోల్టేజీ. కంప్యూటర్‌కు కావలసినవి అంకెలు. ఈ రెండింటి మధ్య తర్జుమా చేసే చిప్పే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్, వాడుకలో ఏడీసీ. దానికి ఒక గుణం ఉంది: ఎంత అడ్డదిడ్డమైన సిగ్నల్ ఇచ్చినా, తెలియదు అని చెప్పదు. ఏదో ఒక అంకె ఇచ్చి తీరుతుంది. ఆ అంకె నిజమో కాదో అంకెను చూసి చెప్పడం కుదరదు. కింది ప్రశ్నల్లో చాలావరకు ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరిగేవే.

అలియాసింగ్‌కూ క్లిప్పింగ్‌కూ తేడా ఏమిటి?

ఏడీసీ చేసే పనులు రెండు. నిర్ణీత వ్యవధికొకసారి వోల్టేజీని చూస్తుంది. దీన్ని శాంపిలింగ్ అంటారు. చూసిన విలువను తన దగ్గరున్న మెట్లలో దగ్గరి మెట్టుకు సర్దుతుంది, ఇది క్వాంటైజేషన్. చూడవలసినంత తరచుగా చూడకపోతే వచ్చేది అలియాసింగ్. మెట్లు అయిపోయాక కూడా సిగ్నల్ ఇంకా పైకి పోతుంటే వచ్చేది క్లిప్పింగ్. గ్రాఫు గీసి చూస్తే ఒకటి అడ్డంగా, అంటే కాలం వైపు జరిగే తప్పు. రెండోది నిలువుగా, వోల్టేజీ వైపు జరిగే తప్పు. వేర్వేరు జబ్బులే అయినా ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టే సందర్భం ఒకటుంది. దాని గురించి కింద విడిగా చెప్పాను.

అలియాసింగ్‌లో అసలు ఏం జరుగుతుంది?

పోలీసు వార్తల్లో "ఫలానా అలియాస్ ఫలానా" అని చదువుతూ ఉంటాం కదా, మాట అదే. ఒక ఫ్రీక్వెన్సీ మరో ఫ్రీక్వెన్సీ పేరు పెట్టుకుని తిరగడం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. సెకనుకు 1000 శాంపిల్స్ తీస్తున్నాం. లోపలికి 900 హెర్ట్జ్ సైన్ తరంగం వస్తోంది. రెండు శాంపిల్స్ మధ్య గడిచే ఒక మిల్లీ సెకనులో ఈ తరంగం 0.9 ఆవృత్తి పూర్తి చేస్తుంది, అంటే 324 డిగ్రీలు. మొదటి శాంపిల్ సున్నా దగ్గర తీశామనుకుంటే తర్వాత వచ్చే విలువలు వరుసగా −0.588, −0.951, −0.951, −0.588, 0. ఇప్పుడు అసలు 900 హెర్ట్జ్ లేనే లేదని, దాని స్థానంలో తలకిందులుగా ఉన్న 100 హెర్ట్జ్ తరంగం వచ్చిందని అనుకుని లెక్క వేయండి. శాంపిల్‌కు 36 డిగ్రీల చొప్పున కదిలితే వచ్చే విలువలు? −0.588, −0.951, −0.951, −0.588, 0. దశాంశ స్థానాలు ఎన్ని పెంచుకున్నా తేడా రాదు. దగ్గరదగ్గరగా ఉన్నాయని కాదు. రెండూ అక్షరాలా ఒకటే అంకెలు. ఏడీసీ తర్వాత ఎంత తెలివైన ప్రోగ్రామ్ పెట్టినా వాటిని విడదీయలేదు.

ఇంకా తేలికగా కావాలంటే గోడ గడియారాన్ని తీసుకోండి. సరిగ్గా 55 నిమిషాలకొకసారి మాత్రమే గడియారం వైపు చూసే మనిషికి నిమిషాల ముల్లు ప్రతిసారీ 5 నిమిషాలు వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. గడియారం సరిగ్గానే నడుస్తోంది, అతని కళ్లూ బాగానే ఉన్నాయి. చూసే వేళలే సరిపోలేదు. సినిమాలో బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు అనిపించేది కూడా ఇందుకే. కెమెరా సెకనుకు 24 సార్లు మాత్రమే చూస్తుంది.

ఏ ఫ్రీక్వెన్సీ ఎక్కడ తేలుతుందో ముందే లెక్క కట్టవచ్చా?

కట్టవచ్చు. శాంపిలింగ్ రేటుకు ఉన్న గుణిజాల్లో మీ ఫ్రీక్వెన్సీకి అతి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని, రెండింటి మధ్య తేడా చూడండి. సెకనుకు 8000 శాంపిల్స్ తీస్తుంటే 5000 హెర్ట్జ్ స్వరం 3000 దగ్గర తేలుతుంది. 8100 హెర్ట్జ్, 7900 హెర్ట్జ్, 16,100 హెర్ట్జ్ మూడూ 100 దగ్గరికే చేరతాయి. కాగితాన్ని శాంపిలింగ్ రేటులో సగం దగ్గర మడత పెట్టినట్టు ఊహించుకుంటే చాలు. ఆ సగాన్నే నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ అంటారు.

నైక్విస్ట్ సూత్రం ప్రకారం రెండింతలు శాంపిల్ చేస్తే చాలు కదా?

ఈ సూత్రం వాడుకలో అరిగిపోయి రెండు ముఖ్యమైన మాటలు పోగొట్టుకుంది. మొదటిది: రెండింతలు కాదు, రెండింతల కంటే ఎక్కువ. 500 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని సరిగ్గా సెకనుకు 1000 సార్లు చూస్తే, మీ దురదృష్టం కొద్దీ ప్రతి శాంపిల్ సున్నాను దాటే చోటే పడవచ్చు. తెర మీద సాఫీ గీత కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం: రెండింతలన్నది మీకు కావలసిన ఫ్రీక్వెన్సీకి కాదు, ఏడీసీ ఇన్‌పుట్ కాలి (పిన్) దగ్గరికి వచ్చే అత్యధిక ఫ్రీక్వెన్సీకి. మీరు పిలిచిన అతిథుల లెక్క చాలదు, పిలవకుండా వచ్చేవాళ్లనూ కలుపుకోవాలి.

పేరు నైక్విస్ట్ అనే ఇంజినీరుదే అయినా ఆయన 1928లో రాసింది టెలిగ్రాఫ్ స్పందనలను ఎంత వేగంగా పంపవచ్చన్న విషయం మీద. శాంపిలింగ్ సిద్ధాంతంగా దీన్ని 1933లో కోటెల్నికోవ్, 1949లో షానన్ స్పష్టంగా చెప్పారు.

ఆచరణలో ఎవరూ సరిగ్గా రెండింతల దగ్గర ఆగరు. టెలిఫోన్‌లో 3400 హెర్ట్జ్ వరకు మాట పంపడానికి 8000 శాంపిల్స్ వాడారు. యంత్రాల కంపనాలను విశ్లేషించే పరికరాల్లో 2.56 రెట్లు తీసుకోవడం ఆనవాయితీ. ఆ మిగులంతా ఫిల్టర్ వాలడానికి వదిలే జాగా.

నాకు కావలసింది నిదానంగా మారే ఉష్ణోగ్రతే. పై ఫ్రీక్వెన్సీలతో నాకేం పని?

నేనూ ఒకప్పుడు ఇదే ప్రశ్న వేసుకుని, పని లేదనే జవాబు చెప్పుకున్నాను. ఉష్ణోగ్రత సెన్సర్‌ను సెకనుకొకసారి చదివే చిన్న పరికరం కట్టాను. కచ్చితంగా ఉండాలని టైమర్ ఇంటరప్ట్ కూడా పెట్టాను. గ్రాఫు చూస్తే ఉష్ణోగ్రత దాదాపు నిమిషానికొకసారి మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతోంది. ఊపిరి పీలుస్తున్నట్టు ఎంతో అందమైన తరంగం. గది గాలిని అనుమానించాను, సెన్సర్‌ను మార్చాను, దాన్ని మందపాటి గుడ్డలో చుట్టాను. తరంగం కదలలేదు. చివరికి అది ఉష్ణోగ్రతే కాదని తేలింది.

జరిగింది ఇది. సెన్సర్ తీగ కరెంటు తీగ పక్కనే సాగుతూ దానిలోని 50 హెర్ట్జ్ కరెంటు రొదను కాస్త పట్టుకుంటోంది. సెకనుకొక శాంపిల్ తీస్తే 50 హెర్ట్జ్ సరిగ్గా సున్నా మీదికి మడతపడుతుంది, అంటే కదలని చిన్న తేడాగా కనిపించాలి. కానీ కరెంటు ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ కచ్చితంగా 50 ఉండదు. 50.02 ఉంటే 0.02 హెర్ట్జ్ మిగులుతుంది, అంటే 50 సెకన్లకొక ఆవృత్తి. గమనించవలసిన ఆనవాలు నా కళ్ల ముందే ఉంది: ఆ తరంగం నిడివి గంటగంటకూ మారుతోంది. గది ఉష్ణోగ్రతకు అలా మారాల్సిన అవసరం లేదు. కరెంటు ఫ్రీక్వెన్సీకి ఉంది. విచిత్రమేమిటంటే టైమర్ అంత కచ్చితంగా లేకపోతే అది గజిబిజి రణగొణగా కనిపించేది, నేను వెంటనే అనుమానించేవాణ్ని. కచ్చితత్వమే అబద్ధానికి నిజం లాంటి ముఖం పెట్టింది.

పరిష్కారం తేలిక. సెకనుకొక్కసారి చూడటం మాని, 100 మిల్లీ సెకన్ల పాటు చాలా శాంపిల్స్ తీసి వాటి సగటు వాడాను. 100 మిల్లీ సెకన్లలో 50 హెర్ట్జ్ తరంగం సరిగ్గా 5 ఆవృత్తులు, 60 హెర్ట్జ్ అయితే 6 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. నిండు ఆవృత్తుల సగటు సున్నా. మంచి డిజిటల్ మల్టీమీటర్లు కొలత సమయాన్ని కరెంటు ఆవృత్తికి గుణిజంగా పెట్టుకునేది కూడా ఇందుకే.

శాంపిల్ చేశాక సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ వేసి తొలగించలేనా?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. 900 హెర్ట్జ్ వచ్చి 100 దగ్గర కూర్చున్నాక, 100ను కోసే ఫిల్టర్ వేస్తే నిజమైన 100 హెర్ట్జ్ కూడా పోతుంది. ఫిల్టర్ ఏడీసీకి ముందు, వోల్టేజీగా ఉన్నప్పుడే ఉండాలి. దీన్నే యాంటీ అలియాసింగ్ ఫిల్టర్ అంటారు. పైన నేను చేసిన సగటు సాఫ్ట్‌వేరే కదా అనవచ్చు. అక్కడ అది పనిచేసింది నేను ముందుగా వేగంగా శాంపిల్ చేసి, 50 హెర్ట్జ్‌ను 50 హెర్ట్జ్‌గానే పట్టుకున్నాను గనుక. మడతపడక ముందు సాఫ్ట్‌వేర్ దేన్నయినా తీసేయగలదు; మడతపడ్డాక దేన్నీ తీయలేదు.

ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ ఫిల్టర్ సరిపోతుందా?

వేగంగా శాంపిల్ చేసే స్తోమత ఉంటే చాలాసార్లు సరిపోతుంది. చాలామంది చేసే పొరపాటు దాని కటాఫ్‌ను సరిగ్గా నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ దగ్గర పెట్టడం. కటాఫ్ అంటే అక్కడ గోడ ఉందని కాదు. అక్కడ సిగ్నల్ 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది, అంటే ఇంకా 70 శాతం వోల్టేజీ దాటిపోతూనే ఉంది. ఆపైన ఫ్రీక్వెన్సీ పదింతలైతే 20 డెసిబెల్స్ చొప్పున నింపాదిగా వాలుతుంది.

10 హెర్ట్జ్ లోపు సిగ్నల్‌ను సెకనుకు 1000 శాంపిల్స్ చొప్పున తీస్తున్నామనుకోండి. 10 కిలోఓమ్ రెసిస్టర్, 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే కటాఫ్ సుమారు 34 హెర్ట్జ్. మన 10 హెర్ట్జ్ మీదికి మడతపడేది 990 హెర్ట్జ్. అది ఈ ఫిల్టర్ దాటేసరికి దాదాపు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత డిజిటల్ ఫిల్టర్ మిగతాది చూసుకుంటుంది. అదే 10 హెర్ట్జ్ సిగ్నల్‌ను సెకనుకు 25 శాంపిల్స్‌తో గట్టెక్కించాలనుకుంటే ఈ ఫిల్టర్ ఎందుకూ కొరగాదు. శాంపిలింగ్ రేటు పెంచడానికి అయ్యే ఖర్చు ఈ రోజుల్లో నిటారు ఫిల్టర్ కట్టడానికి అయ్యే శ్రమకంటే తక్కువ. నా ఓటు ఎప్పుడూ వేగానికే.

సిగ్మా డెల్టా ఏడీసీ వాడితే ఫిల్టరే అక్కర్లేదంటారు. నిజమా?

సగం నిజం. ఆడియోలో 20 కిలోహెర్ట్జ్ వరకు అంతా వదిలి, 28 దగ్గరికల్లా పూర్తిగా కోసేయాలంటే అనలాగ్ ఫిల్టర్ చాలా నిటారుగా ఉండాలి; అంత నిటారు ఫిల్టర్‌ను భాగాల విలువల్లో ఉండే తేడాలతో కట్టడం నరకం. సిగ్మా డెల్టా చిప్పులు ఈ బాధను పక్కకు నెట్టాయి. 48 కిలోహెర్ట్జ్ కావాలంటే లోపల దానికి 64 రెట్లు, అంటే సెకనుకు 30,72,000 సార్లు చూస్తాయి. నిటారు కోత పని చిప్పులోని డిజిటల్ ఫిల్టర్ చేస్తుంది. బయట మనం ఆపవలసింది 3 మెగాహెర్ట్జ్ దగ్గరున్న చొరబాటుదారులను మాత్రమే, దానికి సాదా ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) ఫిల్టర్ చాలు. చాలు అన్నాను, వద్దు అనలేదు. పక్కనే స్విచింగ్ పవర్ సప్లయి, రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటే ఆ మెగాహెర్ట్జ్‌లు కల్పితాలేమీ కావు.

సీడీల శాంపిలింగ్ రేటుగా 44,100 అనే వింత సంఖ్య ఎక్కడిది?

సీడీలు వచ్చేముందు డిజిటల్ శబ్దాన్ని దాచడానికి వీడియో టేపులు వాడేవారు. వీడియోలో ఒక ఫీల్డుకు 245 గీతలు, గీతకు 3 శాంపిల్స్, సెకనుకు 60 ఫీల్డులు: గుణిస్తే 44,100. 50 ఫీల్డుల పద్ధతిలో 294 గీతలు వాడినా అదే సంఖ్య. చెవికి వినిపించే 20 కిలోహెర్ట్జ్‌కు రెండింతలు దాటి, ఫిల్టర్‌కు కొద్దిగా జాగా మిగిల్చింది. చాలా కొద్దిగా.

రికార్డయిన డేటా పెద్దదైపోయింది. ప్రతి పదో శాంపిల్ ఉంచి మిగతావి పారేయవచ్చా?

నేరుగా పారేస్తే మీరే కొత్త అలియాసింగ్‌ను తయారుచేసినట్టు. సెకనుకు 1000 శాంపిల్స్ ఉన్న ఫైలును 100కు తగ్గిస్తే కొత్త నైక్విస్ట్ 50 హెర్ట్జ్. ఫైలులో నిజాయితీగా ఉన్న 120 హెర్ట్జ్ ఇప్పుడు 20 దగ్గర తేలుతుంది. ముందు డిజిటల్ ఫిల్టర్‌తో 50 పైన ఉన్నదాన్ని తీసేసి ఆ తర్వాతే పారేయాలి. చాలా లెక్కల లైబ్రరీల్లో ఈ రెండు పనులూ కలిపి చేసే ఫంక్షన్ ఉంటుంది. చేతితో పదికొకటి ఏరుకునే అలవాటు మానండి. గళ్ల చొక్కా ఫొటోను చిన్నది చేసినప్పుడు లేని చారలు పుట్టుకొచ్చేది కూడా ఈ పొరపాటు వల్లే.

తెర మీద కనిపిస్తున్న ఫ్రీక్వెన్సీ నిజమైనదో మారువేషమో ఎలా తేల్చాలి?

శాంపిలింగ్ రేటును కాస్త మార్చండి, 1000 నుంచి 1100కు అనుకుందాం. నిజమైన 100 హెర్ట్జ్ ఉన్నచోటే ఉంటుంది. 900 నుంచి మడతపడి వచ్చిన దొంగ 100 మాత్రం 200 దగ్గరికి గెంతుతుంది. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు. ఇన్‌పుట్ మీ చేతిలో ఉంటే మరో పద్ధతి: ఫ్రీక్వెన్సీని మెల్లగా పెంచండి. తెర మీద గీత పెరగాల్సింది పోయి తగ్గుతుంటే అది మడతకు అవతలి నుంచి వస్తోంది. పెరిగినంత మాత్రాన నిజమని ఒట్టు వేయకండి. రెండు మడతలు పడితే దొంగ కూడా సరైన దిక్కులోనే నడుస్తాడు.

ఆసిలోస్కోప్‌లో కూడా ఇది జరుగుతుందా?

దర్జాగా జరుగుతుంది. పెట్టె మీద రాసిన గిగా శాంపిల్స్ వేగం వేగవంతమైన టైమ్‌బేస్‌కే వర్తిస్తుంది. తెర మీద ఎక్కువ కాలం చూడాలని టైమ్‌బేస్‌ను (తెర అడ్డంగా ఎంత కాలాన్ని చూపాలో చెప్పే అమరికను) నిదానం చేస్తే, మెమరీ సరిపోక స్కోపు నోరెత్తకుండా శాంపిలింగ్ రేటు తగ్గించుకుంటుంది. అప్పుడు మెగాహెర్ట్జ్ తరంగం కాస్తా కిలోహెర్ట్జ్ తరంగంలా నిమ్మళంగా దొర్లుతూ కనిపిస్తుంది. తెలియని సిగ్నల్‌ను ఎప్పుడూ వేగవంతమైన టైమ్‌బేస్ నుంచి మొదలుపెట్టి నిదానం వైపు రండి. పీక్ డిటెక్ట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. దొంగ తరంగం స్థానంలో మందపాటి పట్టీ కనిపిస్తుంది.

అలియాసింగ్ ఎప్పుడైనా ఉపకారం చేస్తుందా?

రేడియోల్లో కావాలనే చేస్తారు. 70 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న ఇరుకైన సిగ్నల్‌ను 56 మెగాహెర్ట్జ్ రేటుతో శాంపిల్ చేస్తే అది 14 మెగాహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, ఫ్రీక్వెన్సీని కిందికి దించే మిక్సర్ సర్క్యూట్ విడిగా అవసరం లేకుండానే. షరతు ఒకటే: ఆ సిగ్నల్ వెడల్పు మడత హద్దులను దాటకుండా, మిగతా వాటిని బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ముందే ఆపాలి. ఏడీసీ ముందరి భాగం కూడా 70 మెగాహెర్ట్జ్‌ను తట్టుకునేదై ఉండాలి.

ఇక క్లిప్పింగ్. ఏడీసీలో అది ఎలా కనిపిస్తుంది?

కొండ శిఖరాన్ని రంపంతో కోసినట్టు. 10 బిట్ల ఏడీసీ, 5 వోల్టుల రిఫరెన్సు (కొలతకు పై హద్దు) ఉన్న ఆర్డ్వినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఇచ్చే అంకెలు 0 నుంచి 1023 వరకు, మెట్టుకు సుమారు 4.9 మిల్లీవోల్టులు. 5 వోల్టులు దాటినదంతా 1023 గానే వస్తుంది. 5.1 అయినా 5.4 అయినా అదే అంకె.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గోతి కింది వైపు ఉంటుంది. మైకు ఆంప్లిఫయర్ నుంచి వచ్చే సిగ్నల్ సున్నాకు ఇరువైపులా ఊగుతుంది. దాన్ని నేరుగా 0–5 వోల్టుల ఏడీసీకి తగిలిస్తే కింది సగమంతా సున్నాల వరుస. గ్రాఫులో గుట్టలు మాత్రమే ఉండి లోయలు లేకపోతే కారణం ఇదే. రెండు సమాన రెసిస్టర్లతో 2.5 వోల్టుల మధ్య బిందువు తయారుచేసి, సిగ్నల్‌ను కెపాసిటర్ ద్వారా దాని మీద కూర్చోబెట్టాలి.

మీటరులో 2 వోల్టులే చూపిస్తోంది. 5 వోల్టుల పరిధిలో ఎందుకు కోతపడుతోంది?

ఏసీ మీద పెట్టిన మీటరు చూపించేది ఆర్‌ఎమ్‌ఎస్ విలువ, అంటే ఒక రకం సగటు. 2 వోల్టుల ఆర్‌ఎమ్‌ఎస్ సైన్ తరంగం శిఖరం 2.83 వోల్టులు, కింది కొన నుంచి పై కొన వరకు 5.66 వోల్టులు. ఇక మాట, సంగీతం, తబలా దెబ్బ లాంటివి సైన్ తరంగాలు కావు. వాటి శిఖరాలు సగటుకు ఇంకా ఎన్నో రెట్లు ఎత్తుగా ఉంటాయి. ఏడీసీకి సగటుతో పని లేదు, శిఖరంతోనే పని.

వోల్టేజీ దాటితే చిప్పు పాడవుతుందా?

కావచ్చు. ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ కాళ్ల మీద సరఫరా వోల్టేజీకి అర వోల్టు పైన, సున్నాకు అర వోల్టు కింద దాటకూడదు. దాటితే లోపలి రక్షణ డయోడ్లు కరెంటు లాగడం మొదలుపెడతాయి. ఇన్‌పుట్‌కు వరుసలో ఒక రెసిస్టర్ ఉంటే ఆ కరెంటు అదుపులో ఉంటుంది. అంకెలు తప్పుగా రావడం ఒక ఎత్తు, కాలు కాలిపోవడం మరో ఎత్తు.

పెద్ద శబ్దం వచ్చినప్పుడు తరంగం పైనుంచి ఒక్కసారిగా అడుగుకు పడిపోతోంది. ఇదీ క్లిప్పింగేనా?

కాదు, దాని దుర్మార్గపు తమ్ముడు. 16 బిట్ల అంకెల హద్దులు −32,768 నుంచి 32,767 వరకు. ఏడీసీ హద్దు దగ్గర ఆగిపోతుంది గానీ, మీ ప్రోగ్రామ్‌లో రెండు శాంపిల్స్‌ను కూడినప్పుడో, గెయిన్‌తో (సిగ్నల్‌ను పెంచే రెట్లతో) గుణించినప్పుడో 32,767కు ఒకటి కలిస్తే −32,768 అవుతుంది. చెవిలో టపాకాయ పేలినట్టు ఉంటుంది. లెక్కను 32 బిట్లలో చేసి, చివర హద్దుకు కుదించండి. కోసేసిన శిఖరం చెడ్డదే గానీ, తిరగబడిన శిఖరంకంటే వెయ్యి రెట్లు నయం.

క్లిప్పింగ్ నుంచి అలియాసింగ్ ఎలా పుడుతుంది?

ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం ఇది. సైన్ తరంగాన్ని రెండు వైపులా సమానంగా కోస్తే అందులో లేని బేసి హార్మోనిక్స్ పుడతాయి: మూడింతలు, ఐదింతలు, ఏడింతలు, ఇలా. 44,100 రేటులో 5 కిలోహెర్ట్జ్ స్వరాన్ని అంకెలుగా మారిన తర్వాత కోశామనుకోండి. మూడోది 15 కిలోహెర్ట్జ్, పరవాలేదు, దాని స్థానంలోనే ఉంటుంది. ఐదోది 25, అది 22.05 హద్దు దాటింది గనుక 19.1 దగ్గర దిగుతుంది. ఏడోది 35, వచ్చేది 9.1 దగ్గరికి. తొమ్మిదోది 45, అది 0.9 కిలోహెర్ట్జ్ దగ్గర, అసలు స్వరానికి ఎంతో కింద తేలుతుంది. శిఖరం కోస్తే కింద మంద్రంలో శబ్దం పుట్టడం!

ఇప్పుడు అసలు స్వరాన్ని 5 నుంచి 5.1 కిలోహెర్ట్జ్‌కు పిసరంత పెంచండి. తొమ్మిదో హార్మోనిక్ 45.9కు చేరుతుంది, దాని దయ్యం 900 నుంచి 1800 హెర్ట్జ్‌కు, సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి ఎగురుతుంది. ఐదోదాని దయ్యం మాత్రం 19.1 నుంచి 18.6కు కిందికి జారుతుంది. పాటతో ఏ శ్రుతి సంబంధమూ లేని ఈ కదలికలనే చెవి "డిజిటల్ కరుకుదనం" అని గుర్తుపడుతుంది.

అదే కోత ఏడీసీకి ముందు, యాంటీ అలియాసింగ్ ఫిల్టర్‌కు కూడా ముందు, అనలాగ్ ఆంప్లిఫయర్‌లో జరిగితే 25, 35, 45 కిలోహెర్ట్జ్‌లను ఫిల్టర్ మింగేస్తుంది. మిగిలే 15 స్వరానికి బంధువే. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లు ఏరికోరి తెచ్చుకునే కోత అలాంటిది. గిటారు ఆంప్లిఫయర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్లు కోసేముందు లోపల శాంపిలింగ్ రేటును నాలుగింతలో ఎనిమిదింతలో పెంచుకుని, కోశాక ఫిల్టర్ చేసి దించుకునేది ఈ దయ్యాలను తప్పించుకోవడానికే.

రికార్డింగు మీటరులో ఎర్ర దీపం వెలగలేదు. అయినా శబ్దం చిట్లినట్టుంది. ఎందుకు?

ఏడీసీ కంటే ముందే ఎక్కడో తెగి ఉంటుంది. మైకు ప్రీయాంప్‌లో కోతపడి, తర్వాత వాల్యూమ్ తగ్గించిన సిగ్నల్ ఏడీసీ పరిధిలో సగం దగ్గరే హాయిగా ఉంటుంది. మీటరుకు ఏ తప్పూ కనిపించదు. తరంగాన్ని పెద్దది చేసి చూడండి. శిఖరాలన్నీ ఒకే ఎత్తులో ఆగిపోతుంటే, ఆ ఎత్తు పూర్తి స్థాయి (ఏడీసీ హద్దు) కాకపోయినా, పై దశలో ఎక్కడో కప్పు తగిలిందని అర్థం. మధ్యలో కప్లింగ్ కెపాసిటర్లు ఉంటే చదునుగా ఉండాల్సిన తలలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి కూడా.

దీనికి వ్యతిరేక సందర్భం కూడా ఉంది. శాంపిల్స్ ఏవీ హద్దు దాటకపోయినా వాటి మధ్య నడిచే అసలు తరంగం దాటవచ్చు. శాంపిలింగ్ రేటులో నాలుగో వంతు ఫ్రీక్వెన్సీ ఉన్న సైన్ తరంగాన్ని 45 డిగ్రీల దగ్గర పట్టుకుంటే ప్రతి శాంపిల్ శిఖరంలో 0.707 వంతే. ఆ శాంపిల్స్‌ను పూర్తి స్థాయికి పెంచితే, వినిపించేటప్పుడు అసలు శిఖరం 3 డెసిబెల్స్ పైకి పోతుంది. అందుకే ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) వారి బీఎస్ 1770 ప్రమాణం శాంపిల్స్ మధ్య అంచనా వేసి ట్రూ పీక్ చూడమంటుంది. ఐరోపా ప్రసార సంస్థల ఆర్ 128 సిఫారసు దాన్ని పూర్తి స్థాయికి −1 డెసిబెల్ దాటనివ్వదు.

మరి ఎంత జాగా వదలాలి?

16 బిట్ల ఆదర్శ ఏడీసీకి లెక్క ప్రకారం 98 డెసిబెల్స్ పరిధి ఉంటుంది, బిట్టుకు సుమారు 6 చొప్పున. పైన 12 డెసిబెల్స్ వదిలితే రెండు బిట్లు వదులుకున్నట్టు. ఇంకా 86 మిగిలాయి. మామూలు గదిలో చేసే రికార్డింగుకు అది చాలు, ఎందుకంటే గది రొదే అంతకంటే పైన ఉంటుంది. 24 బిట్లతో అయితే పిసినారితనం అసలే అక్కర్లేదు: శిఖరాలు −12 దగ్గర తగిలేలా పెట్టుకుని నిశ్చింతగా ఉండండి. "మీటరు నిండా కొట్టించాలి" అన్న పాత సలహా టేపుల కాలం నాటిది. టేపు మెల్లగా ఒదిగేది, ఏడీసీ ఒదగదు.

సెన్సర్ల విషయంలో లెక్క కొంచెం వేరు. మామూలుగా వచ్చే గరిష్ఠ విలువ కాదు, ప్రమాదం జరిగినప్పుడు వచ్చే విలువ పరిధిలో పట్టాలి. యంత్రం విరిగే క్షణంలోనే కంపనాల గ్రాఫు చదునైపోతే ఆ పరికరం పెట్టి లాభమేమిటి?

క్లిప్ అయిన రికార్డింగును బాగుచేయవచ్చా?

కోసిన చోట అసలు ఏముందో ఎవరికీ తెలియదు. డీక్లిప్పింగ్ ప్రోగ్రామ్‌లు రెండు పక్కల వాలును చూసి మధ్య శిఖరాన్ని ఊహించి గీస్తాయి. మూడు నాలుగు శాంపిల్స్ తెగితే ఆ ఊహ చక్కగా అతుకుతుంది. యాభై తెగితే అది కల్పన. వినడానికి కల్పన చాలు. కొలతల్లో దాన్ని వాడటం తప్పు. కొలత అయితే పూర్తి స్థాయిని తాకిన శాంపిల్స్‌ను చెల్లనివిగా గుర్తు పెట్టి పక్కన ఉంచండి.

32 బిట్ ఫ్లోట్ రికార్డర్ కొంటే క్లిప్పింగ్ బెంగ తీరినట్టేనా?

ఫైలు వరకు తీరినట్టే. ఫ్లోట్ ఫైలులో అంకెల పరిధి ఎంత పెద్దదంటే శబ్దం దాన్ని నింపలేదు. అయితే ఫైలు ఫ్లోట్ అయినంత మాత్రాన ఏడీసీ పరిధి పెరగదు. ఇలాంటి రికార్డర్లలో సాధారణంగా రెండు ఏడీసీలను వేర్వేరు గెయిన్‌లతో పక్కపక్కన నడిపి, ఒకటి హద్దుకు చేరినప్పుడు రెండోదాని అంకెలు వాడతారు. అసలు పని అక్కడ జరుగుతోంది. మామూలు 24 బిట్ల ఏడీసీ నుంచి వచ్చినదాన్ని ఫ్లోట్ ఫైలుగా దాచుకుంటే తెగిన శిఖరాలు తెగినట్టే భద్రంగా ఉంటాయి. ఇక మైకు డయాఫ్రమ్ దగ్గరో, మైకులోనే ఉండే చిన్న ఆంప్లిఫయర్‌లోనో కోతపడితే ఏ రికార్డరూ ఏమీ చేయలేదు. మైకును ఒక అడుగు వెనక్కి జరపాలి.